పెటిబోన్ గారి శిష్యురాలు

హార్లన్ పెటిబోన్ మీద నాకున్న కోపం ఆయన చచ్చినా పోదు. ఆయన చావనూ లేదు. ప్రతి ఆదివారం చర్చిలో నాకు రెండు బెంచీల ముందు కూర్చుని గొంతెత్తి పాడతాడు. శ్రుతి తప్పినా ఎవరూ ఏమీ అనరు. లాయరు పెట్టుకునే తాహతు లేనివాళ్ళ కేసులు ఆయన నలభై ఏళ్ళు వాదించాడు మరి. ఇప్పుడు వాదించడం మానేసి, ఆ పనిలోకి కొత్తగా వచ్చే పిల్ల లాయర్ల వెంట తిరిగి పని నేర్పుతున్నాడు. నా గొడవంతా ఆ నేర్పడంతోనే.

ఆ పిల్ల మీద మాత్రం నాకు కోపం లేదు. పేరు డెల్ఫీన్ రోస్. ఆమెకి నాదే మొదటి కేసు.

నది ఒడ్డున చేపలు పట్టుకునేవాళ్ళ షెడ్డులో ఓ జనరేటర్ పోయింది. ఎర్ర ట్రక్కు చూశామని ఎవరో అన్నారు. నాదీ ఎర్రదే. మా కౌంటీలో ఎర్ర ట్రక్కులు ఇంకా చాలానే ఉన్నాయి, కానీ వాటి సొంతదార్లు పోలీసు డిప్యూటీకి చుట్టాలు. నన్ను పట్టుకెళ్ళారు. నా ట్రక్కుకి ఈస్టర్‌కి ముందు నుంచీ గేర్‌బాక్స్ లేదు, అది విప్పేసి మా వంటింటి బల్ల మీద ఉందని చెప్పాను. "జడ్జితో చెప్పుకో" అన్నాడు డిప్యూటీ. బెయిలుకి కట్టేంత నా దగ్గర లేదు. జైల్లో కూర్చున్నాను.

జైలు నాకేం కొత్త కాదు. నా బెంగల్లా భూమి గురించి. మాలాంటి వాళ్ళకి బ్యాంకులు అప్పివ్వవు, అందుకని అమ్మేవాడికే నెలనెలా కట్టుకుంటూ కొనుక్కుంటాం. నేను వెర్నన్ స్కాగ్స్ దగ్గర కొన్నాను. మొత్తం తీరేదాకా పట్టా ఆయన పేరు మీదే. ఏ నెలైనా ఒకటో తారీఖు దాటిందా, అంతవరకూ కట్టిందంతా అద్దె కింద పోతుంది, భూమి వెనక్కి పోతుంది. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా దాటనివ్వలేదు. ఆ నెల కట్టాల్సింది కూడా సిద్ధంగానే ఉన్నట్టు లెక్క. ఒకాయన పడవ ఇంజను నా షెడ్డులో విప్పి పెట్టి ఉంది. బిగించి అప్పజెబితే డబ్బు చేతిలో పెడతాడు. కానీ విప్పినవాడే బిగించాలి. విప్పినవాడు లోపల ఉన్నాడు.

డెల్ఫీన్ మొదటిసారి వచ్చినప్పుడు వెనకాలే పెటిబోన్ కూడా వచ్చి గోడకి చేరబడి నిలబడ్డాడు. గదిలో ఒక్కటే కుర్చీ, అందులో నేనున్నాను. ఆమె తన మంచి బట్టలతో నేల మీద చతికిలబడింది. మనిషి కూర్చునుంటే లాయరు నిలబడి మాట్లాడకూడదని ఆయన నేర్పాడట. ఆ మనిషి తినేదే తినాలని కూడా నేర్పాడట. నాకిచ్చిన రొట్టె లాంటిదే ఆమె చేతిలోనూ ఉంది, మధ్యలో పచ్చబడిన మాంసం ముక్కతో సహా.

"ఇది రోజూ ఇలాగే ఉంటుందా, లెమ్యుయెల్ గారూ?" అంది నములుతూ.

"లేదమ్మా. ఇవాళ మీరొస్తున్నారని బాగా చేశారు."

నవ్వబోయి, గోడ దగ్గరున్న ముసలాయన వంక చూసి మానేసింది. మొత్తం తినేసింది. కేసు కాగితాలు ముట్టుకోలేదు. "ముందు మీ ఇంటి సంగతులు చెప్పండి" అంది. భూమి, స్కాగ్స్, పడవ ఇంజను, వంటింట్లో గేర్‌బాక్స్, అన్నీ చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

బెయిలు తగ్గించమని జడ్జిని అడిగింది. ఆయన ఓపికగా విని కుదరదన్నాడు. తర్వాత ప్రాసిక్యూటర్ నుంచి కబురు తెచ్చింది. నేరం ఒప్పుకుంటే ఇప్పటిదాకా జైల్లో ఉన్నదే శిక్ష. ఆ సాయంత్రమే ఇంటికి.

"కానీ మీరు తియ్యలేదు కదా. జన్మంతా దొంగన్న ముద్ర ఉండిపోతుంది. విచారణకి వెళ్తే గెలుస్తాం."

"ఎప్పుడు గెలుస్తాం?"

"ఎండాకాలం ఆఖరికి."

"ఒకటో తారీఖు వచ్చే మంగళవారం. కాబట్టి నేను దొంగనేనమ్మా."

ఆమె వెనక నిలబడ్డ గురువు వైపు తిరిగింది. పెటిబోన్ మొదటిసారి నోరు తెరిచాడు. "నిర్ణయం ఆయనది, అమ్మాయీ. నీది కాదు." ఆ పూట ఆయన నాకు మంచివాడిలాగే కనిపించాడు.

నా గదిలో టూటీ అని ఓ కుర్రాడు ఉండేవాడు. నేరాలు ఒప్పుకోవడంలో చెయ్యి తిరిగినవాడు. "బాబాయ్, జడ్జి ఏమడిగినా 'అవునండీ' అను. ఎవరైనా బెదిరించారా అంటే మాత్రం 'లేదండీ' అను. తిరగేశావో, చచ్చావే" అన్నాడు. డెల్ఫీన్ కూడా ముందురోజు వచ్చి జడ్జి అడిగే ప్రశ్నలన్నీ చదివి వినిపించింది. జవాబులు మాత్రం చెప్పలేదు. "అబద్ధం నేను నేర్పలేనండీ. మీరేం చెప్పినా పక్కనే నిలబడతాను" అంది. నేను గదికి తిరిగొచ్చి చెప్తే టూటీ విని, "పాపం, కొత్త" అన్నాడు.

కోర్టులో జడ్జి ట్రామెల్ కళ్ళజోడు మీదనుంచి చూస్తూ మొదలెట్టాడు.

"ఎంతవరకు చదువుకున్నారు?"

"ఏడు దాకా అండీ."

"ఎవరైనా బెదిరించారా?"

"లేదండీ."

"నేరం చేశారు కాబట్టే ఒప్పుకుంటున్నారా?"

అవునండీ అనడానికి నోరు తెరిచాను. డెల్ఫీన్ నా వంక తిరిగింది. వద్దనీ కాదు, అనమనీ కాదు. ఆ రోజు నేల మీద కూర్చుని గేర్‌బాక్స్ గురించి ఎలా విందో అలాగే వినడానికి సిద్ధంగా ఉంది. బడి మానేసిన దగ్గర్నుంచి నా మాట అలా విన్నవాళ్ళు లేరు. అలా వినే మనిషి ముందు అబద్ధం చెప్పలేకపోయాను.

"భూమి పోతుందని ఒప్పుకుంటున్నానండీ."

"జనరేటర్ తీశారా, లేదా?"

"ట్రక్కుకి గేర్‌బాక్సే లేదండీ."

తన కేసు పిలుపు కోసం వెనక బెంచీలో కూర్చున్న టూటీ నెత్తి బాదుకోవడం వినబడింది. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఆ కోర్టులో ప్రతి లాయరుకీ తెలుసు. దగ్గి, రెండు నిమిషాలు గడువడిగి, మనిషిని పక్కకి లాక్కెళ్ళి తిట్టి తీసుకురావాలి. డెల్ఫీన్‌కి తెలీదు. వెనక్కి తిరిగి గురువు వంక చూసింది. పెటిబోన్ చేతులు కట్టుకుని పైన తిరిగే ఫ్యాను చూస్తున్నాడు. కోర్టులో శిష్యులకి సైగ కూడా చెయ్యడట, అది ఆయన నియమం.

"చెయ్యలేదనే మనిషి చేత నా కోర్టులో ఒప్పించను. విచారణకి వెయ్యండి" అన్నాడు జడ్జి.

బయట వరండాలో నా చేతులకి బేడీలు వేస్తుంటే అడిగాను. "అయ్యా, ఒక్క దగ్గు దగ్గలేకపోయారా?"

"దగ్గితే ఇకమీదట ప్రతిసారీ నా వంకే చూస్తుంది" అన్నాడు పెటిబోన్, ఎంతో దయగా. "ఇవాళ్టితో ఆ అమ్మాయి నేర్చుకుంది."

"నా ఖర్చుతోనా?"

ఆయన నా భుజం తట్టాడు.

డెల్ఫీన్ స్కాగ్స్ ఇంటికి వెళ్ళి బతిమాలింది. ఆయన టీ ఇచ్చి, కూర్చోబెట్టి, ఒప్పందంలో ఒకటో తారీఖు ఉన్న చోట వేలు పెట్టి చూపించాడట. వచ్చి నాకు చెప్తూ ఏడ్చింది. నేనే ఓదార్చాల్సి వచ్చింది. మంగళవారం వచ్చింది, వెళ్ళింది.

ఎండాకాలం ఆఖర్న విచారణ జరిగింది. "ట్రక్కు బానెట్ ఎత్తి చూశారా? పోనీ కిందకి వంగి చూశారా?" అని డెల్ఫీన్ అడుగుతుంటే డిప్యూటీ మెడ ఎర్రబడింది. మా వంటింటి బల్ల ఫోటో జ్యూరీకి చూపించింది. వాళ్ళు లోపలికి వెళ్ళి కాఫీ చల్లారకముందే తిరిగొచ్చారు. నిర్దోషి. లాయర్లంతా ఆమెని కావిలించుకున్నారు. పెటిబోన్ ఆమె పేరు రాయించిన కేకు తెప్పించాడు. నాకు అంచు ముక్క ఇచ్చారు. క్రీము అంచునే ఎక్కువుంటుంది, కాదనకూడదు.

ఇప్పుడు ప్రతి ఏటా కొత్త లాయర్లు రాగానే పెటిబోన్ నన్ను పిలిచి వాళ్ళ ముందు నిలబెడతాడు. నా కేసు పాఠమైంది. భోజనం పెడతారు కాబట్టి వెళ్తాను. ఈసారి ఓ పిల్ల చెయ్యెత్తి, "దీనివల్ల మీకేమైనా నష్టం జరిగిందాండీ?" అంది. ఇన్నేళ్ళలో ఆ మాట అడిగింది ఆ పిల్లే. నేను మాటలు కూడదీసుకునేలోపు పెటిబోన్ నవ్వుతూ, "నష్టమేమిటమ్మా, మచ్చ లేకుండా బయటపడ్డాడు!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ పిల్ల అడిగింది కాబట్టి ఇక్కడ చెప్తున్నాను. కాపుకొచ్చిన పెకాన్ గింజల చెట్లు తొమ్మిది, బోరు ఒకటి, నా చేత్తో కట్టుకున్న షెడ్డు, నది వైపు నాలుగు ఎకరాల ఇరవై రెండు సెంట్లు.