కొట్టండి అత్తయ్యా

నేను ఒక జాయ్‌స్టిక్ పెట్టెను. ఈ మాట చెప్పుకోవడం నాకు కొంచెం నామోషీ, ఎందుకంటే నేను వీణను కావలసినదాన్ని. బొబ్బిలిలో వీణను ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. అలాంటి ఒక దుంగలో వీణకు పోగా మిగిలిన ముక్కను నేను. నా తోడబుట్టినది ఎక్కడో కచేరీల్లో శాలువాల మధ్య కూర్చుంటోంది. నేను టీవీ ముందు చాప మీద కూర్చుని తన్నులాటలు నడిపిస్తున్నాను. ఇందుకు నాకు ఎవరి మీదా కోపం లేదు. కొంచెం ఉంది గానీ, పైకి చెప్పను.

నన్ను చేయించినది మృదుల. కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. ఒక పిడి, కొన్ని గుండ్రటి బటన్లు పార్సిల్లో తెప్పించుకుని, వాటిని బిగించడానికి గట్టి పెట్టె కావాలని వీణలు చేసే అచ్యుతాచారి దగ్గరికి వచ్చింది. టీవీలో ఇద్దరు బొమ్మ మనుషులు కొట్టుకునే ఆట ఉంటుందనీ, వాళ్ళను ఆడించడానికి ఈ పెట్టె అనీ ఓపిగ్గా వివరించింది. ఆయన అంతా విని, చేతిలో పెట్టుకుని వేళ్ళతో మీటేది ఏదైనా వాయిద్యమేనని తనలో తాను తీర్మానించుకున్నాడు. నాకు నునుపు పెట్టాడు, లక్క పూశాడు, చివరికి ముందు అంచున, వీణ కొసన ఉండేలాంటి, కోరలు చాచిన సింహం మొహపు యాళి తలను కూడా చెక్కాడు. ఇదెందుకండీ అని మృదుల అడిగింది.

"యాళి మొకం లేకండా మా సేతిలోంచి ఏదీ ఎల్లదమ్మా," అన్నాడాయన.

ఆ ఒక్క మాటకు ఆయన్ని ఎప్పుడో క్షమించేశాను.

మృదుల విశాఖపట్నంలో చదువుకునే రోజుల్లో ఈ ఆట పోటీలకు వెళ్ళేది. వెళ్ళిన ప్రతిసారీ మొదటి పందెంలోనే ఓడిపోయి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేసేది. అందరి ఎదుటా వేదిక మీద ఒక్కటంటే ఒక్క పందెం గెలవాలని ఆమె కోరిక. కప్పు అక్కర్లేదు, పేపర్లో ఫొటో అక్కర్లేదు. పెళ్ళయి బొబ్బిలి వచ్చినా ఆ కోరిక చావలేదు. దసరా వెళ్ళాక విశాఖలో మళ్ళీ పోటీ పెడుతున్నారని తెలిసి, భర్తకు కూడా చెప్పకుండా పేరు ఇచ్చేసింది.

అయితే ఈ ఆటను ఒంటరిగా నేర్చుకోవడం కుదరదు. ఎదుటివాడు ఎప్పుడు కొడతాడో, ఎప్పుడు కాచుకుంటాడో పసిగట్టడమే అందులో విద్య అంతా. ఇంటర్నెట్‌లో ఎవరితోనైనా ఆడదామంటే, మా వీధిలో దాని నడక ఎలాంటిదంటే, పొద్దున వేసిన గుద్దు సాయంత్రానికి తగిలేది. భర్త మురళీధర్ రైల్వేలో గార్డు. అతన్ని కూర్చోబెడితే మొదటి రౌండు అయ్యేలోపే గురక పెట్టేవాడు. కాలేజీ పిల్లలను అడిగితే, ఇలాంటివి మా మావయ్యల కాలంలో ఆడేవారు మేడమ్ అన్నారు. యుద్ధంతో పేరు పడ్డ ఊరు బొబ్బిలి. అక్కడ యుద్ధానికి ఒక్క మనిషి దొరకలేదు.

చివరికి మిగిలింది అభ్యాసం బొమ్మ. ఆటలోనే ఇస్తారు దాన్ని. తెర మీద చేతులు వేలాడేసుకుని నిలబడుతుంది, ఎంత కొట్టినా తిరిగి కొట్టదు. మృదుల కాలేజీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నన్ను ఒళ్ళో పెట్టుకుని దాన్ని సాయంత్రమంతా చితకబాదేది. కూరగాయలు తరుగుతూ ఇదంతా చూస్తూ వచ్చిన అత్తగారు అప్పలనరసమ్మకు ఒకరోజు కడుపు తరుక్కుపోయింది.

"ఆడు నీకేటి సేసాడమ్మా? నోట్లో నాలిక లేనోడు. అలా కొడతన్నావు?"

అది మనిషి కాదు అత్తయ్యా, బొమ్మ అని మృదుల చెప్పింది. బొమ్మయితే మాత్రం అన్యాయం అన్యాయం కాకుండా పోతుందా అని ఆవిడ వాదించింది. వాదన ఎటూ తేలక, పక్కనే పడి ఉన్న ప్లాస్టిక్ కంట్రోలర్ తీసి మృదుల ఆవిడ చేతిలో పెట్టి, అయితే మీరే కాపాడుకోండి అంది. ఆవిడ కత్తిపీట పక్కకు జరిపి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, చాప మీదికి దిగింది. ఆ విధంగా ఊళ్ళో రెండో క్రీడాకారిణి తయారైంది.

ఒక్క చిక్కు ఏమిటంటే, ఆవిడ కాచుకునేదే తప్ప కొట్టేది కాదు. కోడలిని కొట్టిన అత్త అన్న పేరు బొమ్మల్లో కూడా వద్దనేది. మృదులకు కావలసింది కొట్టే మనిషి. అందుకని ఆడుతున్నంత సేపూ బతిమాలేది. కొట్టండి అత్తయ్యా, ఇంకా గట్టిగా, మొహం మీద, పడిపోయాను కదా ఇప్పుడు తన్నండి అంటూ. ఈ మాటలు కిటికీలోంచి వీధిలోకి వెళ్ళేవి.

మరొక చిక్కు తుమ్ము. మురళీధర్‌కు దుమ్ము పడదు. అతను ఇంట్లో ఉన్న రోజున ఒంటి తుమ్ము వినపడితే చాలు, అప్పలనరసమ్మ కంట్రోలర్ కింద పెట్టేసేది. మృదుల కూడా నా మీంచి చేతులు తీయాలి. ఇద్దరూ చెరో గుక్క మంచినీళ్ళు తాగాకే యుద్ధం. వెంటనే రెండో తుమ్ము వస్తే మాత్రం దోషం పోయినట్టే, నీళ్ళు కూడా అక్కర్లేదు. కెమిస్ట్రీ లెక్చరర్ మొదట్లో నవ్వింది, తరువాత విసుక్కుంది, ఆ తరువాత ఆమె చేతులు ఆమెను అడగకుండానే పైకి లేవడం మొదలుపెట్టాయి. దసరాకు ఆయుధపూజలో నన్ను కత్తిపీటకూ మిక్సీకీ మధ్యన కూర్చోబెట్టి అత్తగారు పసుపు రాసి బొట్టు పెట్టింది. నా యాళి తలకు అంత మర్యాద ఎన్నడూ జరగలేదు.

పండగ వెళ్ళిన మర్నాడే పెద్దమనుషులు వచ్చారు. కిటికీలోంచి వచ్చే మాటలు పక్కింటి సత్యవతి రోజూ వింటూ, ఇక ఉండబట్టలేక, రిటైరయిన హెడ్మాస్టరు గౌరునాయుడు గారిని, ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది. ఆయన కుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకుని, భయపడకుండా నిజం చెప్పమ్మా, మీ అత్తగారు నిన్ను కొడతారా అని అడిగారు.

మృదుల ఆ క్షణంలో ఆట తప్ప మరో ధ్యాస లేని మనిషి.

"ఎక్కడండీ, ఎంత బతిమాలినా కొట్టరు. అదే నా బాధ," అంది.

గౌరునాయుడు గారు తన జీవితంలో చాలా పంచాయితీలు తీర్చారు. దీనికి మాత్రం కాఫీ తాగి వెళ్ళిపోయారు. పరువు ఎలాగూ వీధిన పడిందని కాబోలు, అప్పలనరసమ్మ ఆ సాయంత్రం నుంచి కొట్టడం మొదలుపెట్టింది. ఒకే ఒక్క తన్ను, అదీ కాళ్ళ మీద. కానీ ఆ తన్ను ఎప్పుడు వస్తుందో దేవుడికి కూడా తెలియదు.

విశాఖకు అత్తగారు కూడా వచ్చింది. చలి పుట్టించే పెద్ద హాలు. కుర్రకారు నన్ను చూసి ఫొటోలు తీసుకున్నారు, నేను కాస్త తల ఎత్తుకున్నాను. మొదటి పందెం బెంగుళూరు నుంచి వచ్చిన ఒక కుర్రవాడితో. అతను చెవులకు పెద్ద హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. అత్తగారి గొంతు వింటూ ఆడటమే అలవాటైన మృదుల పెట్టుకోలేదు. చెరో రౌండు గెలిచారు. ఆఖరి రౌండులో ఇద్దరికీ ప్రాణం కొసకు వచ్చింది. ఇక ఎవరికి ఒక్క దెబ్బ తగిలినా అయిపోయినట్టే.

అప్పుడు వెనక వరసలో ఎవరో తుమ్మారు. ఒక్కటే.

మృదుల చేతులు నా మీంచి లేచిపోయాయి. వద్దు, వద్దు అని నా పనస గుండె మొత్తుకుంటోంది, వినేదెవరు? ఒక చెయ్యి మంచినీళ్ళ సీసా కోసం తడుముతోంది, మొహంలో మాత్రం ఏడుపు. తెర మీద ఆమె బొమ్మ చేతులు వేలాడేసుకుని, అచ్చం ఆ అభ్యాసం బొమ్మలాగే నిలబడింది. హెడ్‌ఫోన్స్ కుర్రవాడికి తుమ్ము వినపడలేదు. ఇదేదో వల అనుకుని మొదట వెనక్కి తగ్గాడు. కాచుకున్నాడు, చూశాడు. ఆమె బొమ్మ ఎంతకీ కదలకపోయేసరికి పెట్టె పాడైందనుకుని ధీమాగా నడిచి వచ్చాడు. పాడైనదాన్ని నేనట!

మూడో వరసలో అప్పలనరసమ్మకు ఒక్కదానికే విషయం అర్థమైంది. అది తన పెంపకం. ఆవిడ చీర కొంగునుంచి ఒక దారం పోగు లాగి, మెలిపెట్టి, ముక్కులోకి దూర్చింది. ఆ తుమ్ముకు హాలు హాలంతా అటు తిరిగింది.

రెండో తుమ్ము. దోషం పోయింది. మృదుల చెయ్యి నా మీద పిడుగులా పడింది, ఒకే ఒక్క తన్ను, అదీ కాళ్ళ మీద. అత్తగారి తన్నే. కుర్రవాడు పడిపోయాడు. మృదుల రెండు చేతులతో నన్ను పట్టుకుని, యాళి తల మీద మొహం ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

తరువాతి పందెంలో మేము చిత్తుగా ఓడిపోయాం. అది లెక్కలోకి రాదు.

తిరుగు రైల్లో మృదుల ఆపకుండా మాట్లాడుతూనే ఉంది, అత్తగారు మాత్రం కొంగులోంచి లాగిన ఆ దారం పోగును వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఇంటికి వచ్చాక, దీపం పెట్టి, చాప పరిచి, అప్పుడు అంది.

"ఆ బెంగులూరు గుంటడిని కొట్టినట్టు నన్నెప్పుడూ కొట్టలేదు నువ్వు. ముసల్దాన్నని ఒగ్గీసావా ఇన్నాళ్ళూ?"

నిజమే మరి. మృదుల రోజూ చివరి రౌండు అత్తగారికే వదిలేసేది, మర్నాడు కూడా ఆడతారని. ఆ సంగతి నా బటన్లన్నిటికీ తెలుసు. ఆవిడ కంట్రోలర్ తీసుకుని కూర్చుంది. మొదటిసారి మృదుల నిజంగా కొట్టింది. అప్పలనరసమ్మ ఒక్క రౌండు కూడా గెలవలేదు. ఒక్కో ఓటమికీ ఆవిడ మొహం విచ్చుకుంటూ వచ్చింది. కొట్టమ్మా, జాలి పడకు, గట్టిగా కొట్టు అని ఆవిడ అరుస్తుంటే, నేను ఒళ్ళంతా కదిలి మోగాను. వీణను కానందుకు ఆ సాయంత్రం నాకు చింత లేదు.

కిటికీ తెరిచే ఉంది. మర్నాడు సత్యవతి, గౌరునాయుడు గారు, ఆ ఇద్దరూ మళ్ళీ వచ్చారు. ఈసారి ఆయన కుర్చీని అప్పలనరసమ్మ వైపు తిప్పుకుని, కోడలు మిమ్మల్ని కొడుతోందా అని మెల్లగా అడిగారు.

ఆవిడ నన్ను పైట చెంగుతో తుడిచి పక్కన పెట్టి, నిట్టూర్చింది.

"ఇన్నాళ్ళూ కొట్నేదు బాబూ. అదే నా బాధ."