ముందు ఎడమ టైరు

పొద్దున్నే కారు తుడవడం చెల్లెలి పని. మధ్యాహ్నం దాకా ఆ టాక్సీ ఆమె నడుపుతుంది, ఆ తర్వాత అన్న. పదేళ్ళుగా ఇదే వాళ్ళ ఒప్పందం. ఆ రోజు బకెట్టుతో కిందికి వచ్చేసరికి ముందు ఎడమ పక్కన స్టెప్నీ బిగించి ఉంది. డిక్కీ తెరిస్తే పంక్చరైన టైరు గోనెసంచి కింద కనబడింది.

మూడు నెలల్లో ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ ముందు ఎడమదే. మొదటి మూడుసార్లూ అన్న గాలి కొట్టించి నెట్టుకొచ్చాడు.

"నిన్న సాయంత్రం మేకు దిగింది," అన్నాడు అన్న, మెట్ల మీద టీ తాగుతూ. "దాన్ని అతికించడం దండగ. కొత్తది నేనే వేయిస్తా."

చెల్లెలి చేతిలో గుడ్డ ఆగిపోయింది. పేస్టు ట్యూబుని బ్లేడుతో చీల్చి మరీ గీకే మనిషి. ఒకే చెప్పుల జతని మూడుసార్లు కుట్టించినవాడు. అతను కొత్త టైరంటున్నాడు!

"మేకేదీ?"

"పారేశా."

"పోనీ, పంక్చరమ్మకి ఒకసారి చూపిస్తాలే."

"వద్దన్నానా!" కప్పు ఠక్కున కింద పెట్టాడు. "ప్రతిదానికీ ఆవిడ దగ్గరికేనా?"

దాంతో అనుమానం కాస్తా గట్టిపడింది. పంక్చరమ్మ తొట్టిలో టైరు ముంచితే బుడగలొస్తాయి. ఒక్కో బుడగా పగిలినప్పుడు, ఆ కారులో మనుషులు మాట్లాడుకున్న మాటలు బయటికొస్తాయి. పక్కవాళ్ళ టైరు మునుగుతున్నప్పుడు రోడ్డు వైపు తిరిగి నిలబడటం అక్కడ మర్యాద. దాచుకునేదేదైనా ఉన్నవాళ్ళు మాత్రం అతికించుకోరు, నేరుగా షోరూముకెళ్ళి టైరు మార్పించేస్తారు. ఫలానాయన ఈ ఏడాది రెండు టైర్లు మార్చాడంటే చాలు, వీధి వీధంతా ముసిముసిగా నవ్వుకుంటుంది.

ఇంతకీ ఏం దాస్తున్నట్టు? చెల్లెలు ముందు సీటుకి ముక్కు ఆనించి వాసన చూసింది. పాత రెక్సిన్ కంపు తప్ప ఏమీ తెలియలేదు. ఎవరికైనా డ్రైవింగ్ నేర్పుతున్నాడా? తనకి చెప్పకుండా బండిని ఎవరికైనా బేరం పెట్టాడా? వదినని కదిపితే ఆవిడ గొంతు తగ్గించింది.

"నాకూ అర్థం కావట్లేదు అమ్మాయ్. మాట్లాడుతుంటే మొహం పక్కకి తిప్పేసుకుంటాడు. ఏదో ఉంది."

టైరులో ఇంకా సగం గాలి ఉంది. అదీ పోతే ఇక తెలిసేదేమీ ఉండదు. అన్న స్నానానికి వెళ్ళగానే ఆమె బండి తీసింది.

పంక్చరమ్మ టైరు పక్కభాగాన్ని బొటనవేలితో తడిమింది. "మేకు కాదు తల్లీ. రాతి అంచుకేసి కొట్టుకుంది. ఒక్కసారి కాదు, చాలాసార్లు."

"ముంచు అత్తా," అంది చెల్లెలు.

మొదటి బుడగ ఆమె గొంతుతోనే పగిలింది: "అన్నయ్య నా దగ్గర ఏదో దాస్తున్నాడు." చెల్లెలు సిగ్గుతో నేల చూపులు చూసింది. తర్వాత ఎవరో ప్రయాణికుడు ఫోన్లో అద్దె ఇంటి గురించి పోట్లాడాడు. ఆ తర్వాత కళ్ళజోళ్ళ షాపాయన గొంతు వినబడింది. అన్నకి చిన్ననాటి స్నేహితుడతను.

"నీటికాసులురా! ఎడమ కన్ను ఇప్పటికే సగం పోయింది. ఆపరేషన్‌కి రమ్మని ఎన్నిసార్లు చెప్పాలి? ఇలాగే ఉంటే కుడిదీ పోతుంది."

"చెల్లికి తెలిస్తే బండి తాళం లాక్కుంటుంది." అది అన్న గొంతు. "స్టీరింగు లేకపోతే నేనెందుకూ పనికిరాను. శనివారం మేనకోడల్ని హాస్టల్లో దింపి వస్తా. ఆ తర్వాత చూద్దాంలే."

"కొండదారిలోనా? నీకు బుద్ధుందా?"

ఆ పైన బుడగలు చిన్నవైపోయాయి. చివరిది పగిలితే వినబడింది ఒక నిట్టూర్పే.

చెల్లెలు తొట్టి అంచు పట్టుకుని నిలబడిపోయింది. ఈ మూడు నెలలూ అన్న మీద ఎన్నెన్ని అనుకుంది! శనివారం ఎల్లుండే. తన కూతురు అప్పుడే పెట్టె సర్దేసుకుంది.

పంక్చరమ్మ రోడ్డు వైపే చూస్తూ అడిగింది: "ఏం చేద్దాం?"

"అతికిస్తే ఆగుతుందా అత్తా?"

"మధ్యలో మేకు దిగితే అతికించేదాన్ని. పక్కన దెబ్బ తింటే అతుకు నిలవదు, వేగంలో పేలిపోతుంది. మార్చెయ్."

మార్పించింది.

ఇంటికొచ్చేసరికి అన్న వాకిట్లోనే ఉన్నాడు. వంగి కొత్త టైరుని చేత్తో తడిమాడు. మొహం ఒక్కసారి తేటపడింది, వెంటనే మళ్ళీ ముడుచుకుంది.

"నేరుగా షోరూముకేగా వెళ్ళావు?"

ఆమె అతని ఎడమ పక్కకి వచ్చి నిలబడింది.

"అన్నయ్యా, నీ దగ్గరున్న తాళం ఇలా ఇవ్వు. రేపు పొద్దున ఆస్పత్రికి వెళ్తున్నాం. శనివారం బండి నేను నడుపుతా."

అతను టైరు మీంచి చెయ్యి తీశాడు. తర్వాత జేబులోంచి తాళం తీసి చెయ్యి చాపాడు. ఆమె లేని వైపుకి చాపాడు.

చెల్లెలు అటు వెళ్ళి అందుకుంది.

ఆ ఆపరేషన్‌తో అతనికి కుడి కన్ను దక్కింది.