వయసులో చిన్నవాళ్ళకే దీవెన

తమిళనాట ఉడుమలైపేటలో కొబ్బరి పీచు మిల్లు నడుపుతూ, ముప్పైమందిని ఒక్క కేకతో పరుగులు పెట్టించే బాలమురుగన్, ఎనిమిది కిలోల పిల్లను చూస్తే గోడకు అంటుకుపోయేవాడు. ఆ పిల్ల చెల్లెలు మధుమిత కూతురు దర్శిని. మూడు నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడు దాన్ని ఎత్తుకుని మేడమెట్లు దిగుతుంటే, ‘ఇప్పుడు వదిలేస్తే?’ అన్న ఆలోచన పిలవని చుట్టంలా వచ్చింది. ఆయన వదల్లేదు. వదలాలని కలలో కూడా లేదు. కానీ ఆ రోజునుంచి పిల్లను అందించబోతే చాలు, ఆ ఆలోచన ముందు వచ్చేది, వెనకే ఆయనకు చెయ్యి నొప్పో నడుము నొప్పో వచ్చేది. ఎనిమిది నెలల్లో ఆయన చెప్పని నొప్పి ఒక్క పురిటినొప్పే.

ఇప్పుడు పిల్లకు పదకొండో నెల. చెవులు కుట్టాలి. కుట్టేటప్పుడు మేనమామ ఒడిలోనే కూర్చోబెట్టాలి, దర్శినికి ఉన్నది ఒక్క మేనమామ. ఆయన బతికుండగా ఇంకొకరి ఒడి వెతికితే బంధువులంతా కారణం అడుగుతారు. నడుము నొప్పి అక్కడ చెల్లదు.

కోయంబత్తూరు వెళ్ళి మనసు డాక్టర్ నివేదితకు అంతా చెప్పాడు, ఆమె మొహం చూడలేక ఫ్యానుకేసి చూస్తూ. ఆమె నవ్వలేదు. ఇలాంటి ఆలోచన చాలామందికి వస్తుందని, దానికి ఇంత హడలిపోయేవాళ్ళు పిల్లకు కీడు తలపెట్టరని చెప్పింది. రోజూ పొద్దున కళ్ళు మూసుకుని మంచి కోరమంది. ముందు తనకు, తర్వాత ఇష్టమైనవాళ్ళకు, ఆ తర్వాత గిట్టనివాళ్ళకు. ఆలోచన వస్తే తరమొద్దు, రానివ్వమంది. ఆ చివరిమాట ఆయన చెవికెక్కలేదు. తరమడానికే కదా అంత దూరం బస్సెక్కింది.

మర్నాడు హాల్లో చాప వేసుకుని కూర్చున్నాడు. ‘నేను బాగుండాలి’ అని తమిళంలో అంటే ఎన్నికల ప్రసంగంలా ఉంది, ఇంగ్లీషులో అంటే బ్యాంకువాళ్ళ ఫోనులా ఉంది, ఇంటి తెలుగులో అంటే తన మెడలో తనే దండ వేసుకున్నట్టు సిగ్గేసింది. తనను వదిలేసి ఇష్టమైన మనిషికి వెళ్ళాడు. ఎనభై ఆరేళ్ళ అవ్వ పాపమ్మాళ్ అక్కడే ఆకుకూర గిల్లుతోంది.

“మా అవ్వ బాగుండాల. అవ్వకి ఏ నొప్పీ రాకూడదు. అవ్వ సుకంగా ఉండాల.”

పాపమ్మాళ్ చెయ్యి ఆగిపోయింది. “ఒరే, నా రత్తం పరీక్షలో ఏమి వచ్చినాది? ఎన్ని దినాలు అన్నారు?”

“అయ్యో అవ్వా, ఏమీ లేదు, సుమ్మా దియానం చేస్తా ఉండా.”

“దియానమంటే సామిని తలుచుకోరా. నన్ను దీవించేదానికి నువ్వెవడు? వయసులో చిన్నోళ్ళకి దా దీవెన. పెద్దోళ్ళ కాళ్ళ మీద పడాల, అంతే.”

మధ్యాహ్నానికి ఆ మాట చేరి, తిరుమంగళం నుంచి పెద్దత్త ఏడుస్తూ ఫోన్ చేసింది. అవ్వకు ఏమీ లేదని నమ్మించేసరికి సాయంత్రమైంది.

బాలమురుగన్‌కు దారి మూసుకుపోయింది. ఇష్టమైనవాళ్ళు చాలామంది పెద్దవాళ్ళే. గిట్టనివాడు, పక్క తోట వేలుసామి, ఈయనకన్నా మూడు రోజులు పెద్ద. ఆ మూడు రోజుల్నీ వేలుసామి నలభై ఏళ్ళుగా వాడుకుంటున్నాడు. చిన్నవాళ్ళలో చెల్లెల్నీ దర్శినినీ తలుచుకుంటే ఆ ఆలోచనే ముందొస్తుంది. ఇక దీవించడానికి దొరికేదెవరు?

తొమ్మిదో పొద్దున చాప మీద ఉండగా మళ్ళీ ఆ ఆలోచనే వచ్చింది. తరమబోయి, అవ్వ మాట గుర్తొచ్చి, దాని వయసు లెక్కపెట్టాడు. మేడమెట్ల మీద పుట్టింది. ఎనిమిది నెలలు. దర్శినికన్నా చిన్నది! ఇంట్లో తను నిస్సందేహంగా దీవించదగినది ఇదొక్కటే. “సరి, నువ్వూ చల్లగా ఉండు” అన్నాడు. తన తెలివికి తనకే నవ్వొచ్చింది. ఆలోచన పోలేదు. కానీ ఈసారి ఆయన లేచి పారిపోలేదు.

కులదైవం గుడి ముందు పందిరి వేశారు. దర్శినిని ఒడిలో పెట్టారు. చెవులు కుట్టే కంసాలి ముని ఆచారి సూది తీశాడు. అంతలో ఆలోచన ఠంచనుగా వచ్చేసింది. మనసులో అనుకోవాల్సింది ఆయన పైకే అనేశాడు.

“రా, నువ్వూ కూర్చో. చల్లగా ఉండు!”

ముని ఆచారి వినయంగా వంగాడు. “పరవాలేదు సామీ, నిలబడే కుడతా.”

పందిరంతా నవ్వింది. సూది దిగింది, పిల్ల కెవ్వుమంది. బాలమురుగన్ చేతులు వదల్లేదు సరికదా, పిల్లను గుండెకు అదుముకున్నాయి. ఆయనకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

రెండో చెవీ కుట్టాక, అలవాటు ప్రకారం పిల్లను మధుమితకు అందించబోయాడు. ఆమె చేతులు చాచలేదు.

“అన్నా, ఇంకొంచేపు నీ దగ్గరే ఉంచుకో.”

“ఏమిటికమ్మా?”

ఆమె గొంతు తగ్గించింది. “నాకు ఏమేమో తోస్తాది అన్నా. మెట్లకాడ, బావికాడ. చేయి జారితే అని. ఇది పుట్టిన దినంనుంచీ. ఎవురికీ చెప్పలా. నేనొక రాచ్చసి అనుకుంటా ఉండా.”

బాలమురుగన్ పిల్లను మళ్ళీ తన ఒడిలోకి తీసుకున్నాడు. లోకంలో ఇంత పాడు బుర్ర తనదొక్కటేనని ఎనిమిది నెలలుగా ఎంత గొప్పగా నమ్మాడు! నొప్పి అని చెప్పిన ప్రతిసారీ పిల్లను తిరిగి ఎవరి చేతుల్లో పెట్టాడు? ఆ చేతులకూ ఇదే భయమని ఒక్కసారీ తోచలేదు.

“నువ్వు రాచ్చసివి కాదమ్మా. నాకూ అదే వస్తాది. ఇప్పుడు దా, సూది తీసినప్పుడు వచ్చిపోయె.”

మధుమిత పిల్ల చెవి దగ్గరి నెత్తురు చుక్కను కొంగుతో అద్దింది.

“పోయి తిను. నిదానంగా తిను,” అన్నాడు.

ఆమె పంక్తిలో కూర్చుంది. ఆమె రెండోసారి పాయసం వేయించుకుని, ఆకు మడిచి లేచేదాకా, బాలమురుగన్ పిల్లను భుజాన వేసుకుని పందిరంతా తిరుగుతూనే ఉన్నాడు.