కళ్ళారా చూడాలట

టైలరమ్మకు ఒళ్ళు మండిపోతోంది. బిల్డింగు కొన్నవాళ్ళ మీద ఎంత కోపమో, ఈ పూట వదిన మీద అంతకు రెట్టింపు.

అద్దె ఇళ్ళన్నీ సొంత ఫ్లాట్లుగా మార్చి అమ్ముకుంటారట, ఉన్నవాళ్ళంతా ఖాళీ చెయ్యాలట. ముసలివాళ్ళను, వికలాంగులను మాత్రం కదిలించకూడదని చట్టం. వదినకు చూపు పోయి ఏళ్ళయింది, డాక్టరు సర్టిఫికెట్ ఉంది. ఇంకేం కావాలి? కానీ పై అంతస్తులో ఎవడో దొంగ సర్టిఫికెట్ పెట్టి దొరికిపోయాడు. దాంతో ఇంటింటికీ వచ్చి కళ్ళారా చూస్తామన్నారు ప్రభుత్వ ఆఫీసువాళ్ళు.

"ఆఫీసరు ఉన్నంతసేపూ కుర్చీలోంచి లేవకు వదినా, నేను మాట్లాడతాను" అని పొద్దుటినుంచీ చెవినిల్లు కట్టుకుని పోరింది టైలరమ్మ.

"గుడ్డిదానిలా నటించమంటావా? గుడ్డిదాన్నే కదే" అని నవ్వేసింది వదిన.

ఆఫీసరు మర్యాదస్తుడే. గుమ్మంలోనే "బాగున్నారా అమ్మా?" అన్నాడు.

"నాకేం నాయనా, దివ్యంగా ఉన్నాను. టీ తాగుదురుగాని" అంటూ వదిన లేచింది. టైలరమ్మ పళ్ళు నూరుకుంది.

కుట్టుమిషను పక్కనుంచి, గుడ్డల మూట తప్పించుకుని, చకచకా వంటింట్లోకి వెళ్ళింది వదిన. గోడకు చెయ్యైనా ఆనించలేదు. పాలు పొంగే చప్పుడు విని మంట తగ్గించింది, వెతుక్కోకుండా చక్కెర డబ్బా తీసింది. ఈ ఇంట్లో ఆవిడకు కళ్ళతో పనిలేదు. ఇంకో ఇంటికి మారిస్తే మాత్రం మూల కూర్చోవాల్సిందే, స్నానానికి కూడా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకు నడిపించాలి.

టైలరమ్మ అదే చెప్పింది. "ఇల్లు అలవాటండీ ఆవిడకి. బయట ఒక్క అడుగు వెయ్యలేదు."

"అందరూ అదే చెప్తారండీ. నేను చూసిందే రాసుకోవాలి." ఆయన కలం మూత తీశాడు.

"పోనీ మీ డాక్టరుకే చూపించండి."

"దానికి గడువు అయిపోయిందండీ."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది టైలరమ్మకు. చట్టం ఉంది, కాగితం ఉంది, కళ్ళెదురుగా గుడ్డి మనిషి ఉంది. నమ్మే నాథుడే లేడు.

వంటింట్లో ట్రేలో కప్పులు సర్దుతున్న చప్పుడైంది. ఆఫీసరు కాగితాల్లో తలదూర్చి ఉన్నాడు. మిషను ముందున్న స్టూలును టైలరమ్మ కాలితో మెల్లగా వంటింటి గుమ్మానికి అడ్డంగా జరిపింది.

"చక్కెర తక్కువే వేశాను నాయనా" అంటూ నవ్వుతూ వచ్చిన వదిన స్టూలు మీదుగా బోర్లా పడింది. కప్పులు పగిలాయి. వేడి టీ చేతుల మీద పడింది. లేవబోతూ గుమ్మం కోసం గాల్లో తడుముకుంది, ఎంతకీ దొరకలేదు.

ఆఫీసరు కాగితాలు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "అయ్యో, మీకు అసలు కనిపించదా అమ్మా?" అన్నాడు. వెళ్ళేముందు రాయాల్సింది రాసి, "మిమ్మల్నెవరూ కదిలించరు, నాదీ పూచీ" అని మరీ వెళ్ళాడు.

కాలిన చేతులకు మందు రాస్తూ టైలరమ్మ ఏడ్చింది. వదిన నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

"స్టూలు నేనే..."

"తెలుసులే. ఇల్లు నిలిచింది కదా" అంది వదిన.

కాసేపటికి పడుకుంటానని లేచింది. రెండడుగులు వేసి ఆగిపోయింది.

"దారిలో ఏమీ లేదు కదా?"

"ఏమీ లేదు వదినా."

అయినా వదిన చేతులు రెండూ ముందుకు చాపుకునే నడిచింది.