ఆరో కాజా

ఐదో కాజాకు ముడి వేసి, దారం పంటితో కొరకబోయాడు. దవడ బిగియలేదు. కత్తెర కోసం బల్ల మీద తడుముకున్నాడు. కుడి రెప్పను టేపుతో నుదుటికి అతికించుకున్నాడు కాబట్టి కాస్త కనబడుతోంది. ఎడమది ఎప్పుడో వాలిపోయింది.

ముప్పయ్యేళ్ళుగా ఆ దర్జీ కొట్టులో అతని పని చొక్కాలకు కాజాలు కుట్టడమే. అందరికీ కాజాల బాబాయ్. రెండేళ్ళ కిందట రెప్పలు వాలడం మొదలైతే కునికిపాట్లని ఏడిపించారు. మాట ముద్దగా వస్తుంటే తాగొచ్చాడనుకున్నారు. చుక్క ముట్టని మనిషి, నవ్వి కొట్టిపారేద్దామంటే నవ్వు కూడా సగంలోనే ఆగిపోయింది. నరం చెప్పింది కండ వినని జబ్బని డాక్టర్లు తేల్చారు. గుండె ముందరి గ్రంథిలో కంతి ఉందట. రొమ్ము ఎముక కోసి తీయాలి. తీసినా జబ్బు పోతుందని మాటివ్వలేమన్నారు.

రేపే ఆసుపత్రిలో చేరాలి. ఆపరేషన్ తర్వాత చేతులు పైకెత్తకూడదు, ముందు గుండీలున్న చొక్కా తెచ్చుకోండని నర్సు చెప్పింది. ఇన్ని వేల చొక్కాలకు కాజాలు కుట్టినవాడికి సొంతానికి ఉన్నవి తల మీదుగా తొడుక్కునే బనీన్లే. అందుకే ఇవాళ ఈ తెల్ల చొక్కా. ఇంటికి ఇది తొడుక్కునే రావాలని అతని పంతం.

మాత్ర వేసుకున్నాక మూడు గంటలే చేతులు మాట వింటాయి. ఒక కాజా కోసి, అది కుట్టాకే రెండోది కోయడం అతని పద్ధతి. ఇవాళ తొందరలో ఆరూ ఒకేసారి కోసేశాడు. ఆరోదాని దగ్గర సూది జారిపోయింది.

అతన్ని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన భార్య కిందికి వంగి సూది వెతికి తీసింది.

"ఇలా తెండి, ఆ ఒక్కటీ నేను కుడతాను."

"నీ కుట్టు వంకర. అడుగుదేగా, ప్యాంటులోకి పోతుంది. వచ్చాక నేనే కుడతా. దారం ఎక్కించి ఉంచు."

"కోసి వదిలేస్తే పోగులు లేచిపోవూ?"

"నన్ను కోసి ఏ దారంతో కుడతారని డాక్టర్ని అడిగాను. ఉక్కు తీగతోనట. ఊడితే మా కొట్టుకు పంపమన్నా."

ఆమెకు నవ్వు రాలేదు. చేయగలిగింది ఏమీ లేక, అతని ఎడమ రెప్పను వేలితో మెల్లగా పైకెత్తింది.

"కనబడుతున్నానా?"

"ఇద్దరుగా కనబడుతున్నావ్. ఒక్కదానితోనే వేగలేకపోతుంటే!"

అప్పుడు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది.

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. నిమ్మకాయంత కంతి మొత్తం వచ్చేసింది. ఊపిరాడించే కండలే పుంజుకోలేదు. గొంతులోని ఊపిరి గొట్టం రెండుసార్లు తీసి, రెండుసార్లూ మళ్ళీ పెట్టారు. ఐసీయూ గాజు తలుపు బయట నిలబడి ఆమె అతనికి బదులుగా తానే గట్టిగా ఊపిరి పీల్చేది. పదకొండో రోజు మధ్యాహ్నం, రోజూ అతని చేతులు సోలిపోయే వేళకే, వెళ్ళిపోయాడు.

నర్సు అతని సంచీ తెచ్చి ఇచ్చింది. లోపల తెల్ల చొక్కా మడత నలగకుండా ఉంది. ఐదు కాజాల్లో ఐదు గుండీలు. అడుగున పోగులు లేచిన చీలిక, దాని పక్కనే గుచ్చి ఉన్న దారం ఎక్కించిన సూది.