జనాబాయి సహీ

జనాబాయికి సంతకం నేర్పింది నేనే. ఈ మాట ముందే చెప్పడం నయం.

నాందేడ్‌లో పదకొండేళ్లు కొరియర్ సంచి మోశాను. జనాబాయి కొడుకు భివండీ మగ్గాల్లో పనిచేస్తూ నెలకో పొట్లం పంపేవాడు. నేను సంతకాల షీటు ముందుకు చాపగానే ఆమె సిరా డబ్బీలో బొటనవేలు అద్ది, చీర చెంగుతో తుడుచుకుంటూ సిగ్గుపడేది. ఒకరోజు అడిగేసింది.

"సుబ్బయ్య తమ్మీ, నాకు గూడ సహీ చేసుడు నేర్పరాదు? ఈ మరక జూసి రేషన్ దుకాన్ల ఆడోళ్లు నవ్వుతుండ్రు."

గడప మీద కూర్చుని పాత షీటు వెనక నాలుగక్షరాలు రాసిచ్చాను. నెల రోజులు దిద్దింది. నా రాత ఎటు వంకరపోతే ఆమెదీ అటే పోయింది. మొదటి సంతకం పెట్టిన రోజు నాకు చక్కెర పాలు తాగించింది. అప్పుడు ఆమె మొహంలో ఉన్న గర్వం గురించి రాయడానికి నాకు అర్హత లేదు.

రెండువేల ఎనిమిదిలో ఆమె మనవరాలు ప్రతీక్షకు ఏడేళ్లు. ఆ పిల్లకు చెవులు వినబడవు, మాటలూ రాలేదు. దవాఖానాలో చెవి మిషన్ పెట్టి చూస్తే గిన్నె చప్పుడుకు తల తిప్పిందట. కొత్తవి కొనే తాహతు లేదు. బడిలో శ్రేయ టీచర్ ఇంటర్‌నెట్‌లో పాత సామాన్లమ్మే వెబ్‌సైటులో వెతికి, పుణేలో ఒకాయన అమ్ముతున్న వాడిన జత చూపించింది. జనాబాయి మెడలోని బంగారు గుండ్లు అమ్మి కొన్నది. అమ్మినాయన జాగ్రత్తపరుడు. కొన్న మనిషే స్వయంగా సంతకం చేయాలని కొరియర్‌కు అదనంగా కట్టి పంపాడు. ఆ సంతకం ఉంటే, సరుకు అందలేదని ఎవరెంత మొత్తుకున్నా ఆ వెబ్‌సైటు వాళ్లు అమ్మినవాడినే నమ్ముతారు.

పొట్లం వచ్చేసరికి సిక్కుల గురుతాగద్దీ ఉత్సవాలు నడుస్తున్నాయి. ఊరినిండా యాత్రికులు, ఎటు పోదామన్నా దారి బంద్. ఎలాగో చేరితే జనాబాయి ఇంటికి తాళం. షీటులో ఖాళీ కనబడితే మేనేజరు నలుగురిలో పరువు తీస్తాడు. తెల్లారి ఇచ్చేస్తే ఏం పోయిందని ఆమె సంతకం నేనే పెట్టేశాను. మాకది అలవాటే. మా ఆఫీసు షీట్లలో సగం ఊరి సంతకాలు మా చేతిరాతే.

తెల్లారి చూస్తే సంచి అడుగు చిరిగి ఉంది. పొట్లం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మూడు రోజులు సందులన్నీ తిరిగాను. ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఇంతకంటే గొప్ప కారణం నా దగ్గర లేదు.

టీచరమ్మ వెబ్‌సైటుకు ఫిర్యాదు రాసింది. అమ్మినాయన రసీదు అడిగాడు, మా ఆఫీసు షీటు నకలు పంపింది. సరుకు చేరిందని వాళ్లు ఫైలు మూసేశారు. టీచరమ్మ ఊరుకోక, జనాబాయినీ పిల్లనీ వెంటబెట్టుకుని మా ఆఫీసుకే వచ్చింది. సంతకం పడిన రోజు ఈమె కుండల్‌వాడిలో చెల్లెలింట్లో ఉందని గట్టిగా వాదించింది. మేనేజరు తెల్లకాగితం ముందుకు తోసి సంతకం పెట్టమన్నాడు.

జనాబాయి కలం జాగ్రత్తగా పట్టుకుని, నేను నేర్పినట్టే, ఒక్కో అక్షరం దిద్ది పెట్టింది. మేనేజరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు. వంకరలతో సహా రెండూ ఒకటే.

జనాబాయి నావైపు తిరిగింది.

"ఈ సుబ్బయ్యకు ఎర్కనే. తమ్మీ, నువ్వే జెప్పు. నాకిచ్చినవా?"

అందరూ నన్నే చూస్తున్నారు.

"సహీ నీదే గదక్కా" అన్నాను.

ఇచ్చానని అనలేదు కదా అని తరవాత నన్ను నేను ఓదార్చుకున్నాను. సిగ్గులేని ఓదార్పు అది. జనాబాయి చాలాసేపు ఆ కాగితాలను చూసింది. తరవాత నా చేతులను చూసింది. పిల్లను తీసుకుని బయటికి నడిచింది. రోడ్డు మీద ఆటోవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు, ప్రతీక్ష పక్కకు జరగలేదు. జనాబాయే లాక్కుంది.

తరవాతి నెల భివండీ నుంచి పొట్లం వచ్చింది. వేరేవాణ్ని పంపుదామనుకుని, మళ్లీ నేనే పోయాను. తేలు కుట్టిన దొంగలా తలవంచుకుని షీటూ కలమూ ముందుకు చాపాను. ఆమె కలం అందుకోలేదు. నా సంచిలోంచి సిరా డబ్బీ తనే తీసి బొటనవేలు అద్దింది.

"సహీ చెయ్యక్కా" అన్నాను.

"వద్దు తమ్మీ" అంటూ షీటు మీద వేలు గట్టిగా ఒత్తింది. "గిదైతే నీకు రాదు."