క్రేన్ కేబిన్‌లో సూది

పొద్దున మింగిన మాత్ర క్రేన్ కేబిన్‌లో, వాంతిలో తేలుతోంది. ఆపరేటర్ చూసి మొహం తిప్పుకున్నాడు. తిప్పుకుంటే పోయే ముప్పా అది? రాత్రి నుంచీ జ్వరం. వెళ్లొద్దని భార్య మొత్తుకుంది. ఇనుప దూలాలు ఎక్కించే రోజు మానేస్తే సూపర్‌వైజర్ ఊరుకోడని వచ్చాడు.

అతని మూత్రపిండాల మీదుండే చిన్న గ్రంథులు రెండూ ఎప్పుడో పని మానేశాయి. జ్వరాన్నీ దెబ్బనీ ఒళ్లు తట్టుకోవాలంటే అవి తయారుచేసే స్టెరాయిడ్ కావాలి. ఇప్పుడది మాత్రల్లో బయటినుంచే రావాలి. జ్వరమొస్తే రెట్టింపు వేసుకోమనీ, వాంతిలో పోతే వెంటనే ఇంజెక్షన్ తీసుకోకపోతే ప్రాణం మీదికొస్తుందనీ డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. పనిచేసే చోట ఒకరికైనా తెలియాలనీ చెప్పింది. ఆ ఒక్క మాటా మనవాడి చెవికెక్కలేదు. చెబితే క్రేన్ ఎక్కనిస్తారా? ఈ పని ఇప్పించిందీ, కింద నిలబడి సిగ్నల్ ఇచ్చేదీ భార్య తమ్ముడే. అతనికి కూడా చెప్పొద్దని భార్య చేత ఒట్టు వేయించుకున్నాడు.

కళ్లు బైర్లు కమ్ముతుంటే, హుక్కుకి వేలాడుతున్న దూలాన్ని ఎలాగో నేలకు దించాడు. సంచిలోంచి మందు సీసా తీశాడు. పొడిలో నీళ్లు కలపాలి, వేళ్లకు పట్టు లేదు. నిచ్చెన దిగుదామంటే కాళ్లు లేవడం లేదు. అగ్గిపెట్టెంత కేబిన్‌లో అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కుపోయాడు. నోరు విప్పితే పని పోతుంది, విప్పకపోతే తనే పోతాడు. ఇందులో ఆలోచించడానికేముంది? అయినా ఆలోచించాడు, మహానుభావుడు. చివరికి చావుభయమే వాకీటాకీ మీట నొక్కించింది.

“బామ్మర్దీ, ఒంట్లో బాగాలేదు. పైకి రా.”

బావమరిది రొప్పుతూ ఎక్కాడు. ముక్కలు ముక్కలుగా చెప్పింది విని మందు కలిపాడు. ప్యాంటు మీదుగానే తొడలో సూది గుచ్చాడు. చాలాసేపటికి ఆపరేటర్ ఒంట్లో వణుకు తగ్గింది. ఏమైందని కిందినుంచి సూపర్‌వైజర్ అడుగుతూనే ఉన్నాడు.

“ఎండదెబ్బని చెప్పరా,” అని బతిమాలాడు ఆపరేటర్.

బావమరిది అద్దంలోంచి కిందికి చూశాడు. ఎన్నాళ్లుగా ఈ జబ్బని అడిగితే నాలుగేళ్లని జవాబొచ్చింది.

“అక్కకి తెలుసా?”

“తెలుసు.”

“రోజూ నేను నిలబడేది ఆ దూలాల కిందే బావా. అది కూడా తెలుసు కదా మా అక్కకి?”

ఆపరేటర్‌కి తల కొట్టేసినట్టయింది. బావమరిది వాకీటాకీని అతని ఒళ్లో పెట్టాడు.

“నువ్వే చెప్పు. ఏది చెప్పినా నేను మళ్లీ అక్కడే నిలబడతాను.”

ఆపరేటర్ మీట నొక్కి నిజం చెప్పేశాడు. జబ్బు పేరు, మాత్రలు, నాలుగేళ్లు, అన్నీ. అంబులెన్స్‌కి కబురు పెట్టామనీ, తాళ్లతో మనుషులు వస్తున్నారనీ, ఇక క్రేన్ ముట్టుకోవద్దనీ సూపర్‌వైజర్ చెప్పాడు.

బావమరిది ఫోన్ తీసి అక్కకు కలిపాడు. “బావ బతికే ఉన్నాడు,” అని పెట్టేశాడు. ఆమె మళ్లీ మళ్లీ చేసింది. అతను ఎత్తలేదు. మనుషులు వచ్చేదాకా మోకాళ్లు తగిలేంత ఇరుకైన ఆ చోటులో ఇద్దరూ చెరోవైపు చూస్తూ కూర్చున్నారు.